ప్రవర్తన గడిలో రాసే ఒక్క మాట

ఒంగోలులో డిగ్రీ కళాశాలల అధ్యాపకులు, హాస్టల్ వార్డెన్లు, విద్యార్థులు, తల్లిదండ్రులు పాల్గొన్న సభలో ఒక విశ్రాంత వైస్ ప్రిన్సిపాల్ చేసిన ప్రసంగం. రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసిన పాఠం.

అందరికీ నమస్కారం. భోజనాల తర్వాత నా ఉపన్యాసం పెట్టారు. అంటే నేను విషయంతోపాటు మీ నిద్రతోనూ తలపడాలి. వెనక వరసలో ఉన్న అబ్బాయిలూ, కాస్త ముందుకు రండి. రారా? సరే, అక్కడే ఉండండి. ఇది మీ రికార్డులో రాయనులెండి.

మొదట ఒక ప్రశ్న. టీసీ తీసుకోనివాళ్లు ఇక్కడ ఎవరూ ఉండరు. ఆ టీసీ చివర్లో ప్రవర్తన అని ఒక గడి ఉంటుంది. మీ టీసీలో ఆ గడిలో ఏమి రాసి ఉందో ఎంతమందికి గుర్తుంది? చేతులెత్తండి. ఇద్దరు. అమ్మా, మీరు కూడానా? ముగ్గురు. మిగతావాళ్లకు గుర్తులేదంటే అక్కడ సంతృప్తికరం అని ఉందన్నమాట. ఆ మాట ఉన్నవాడికి ఆ గడే గుర్తుండదు. అది లేనివాడిని అడగండి, ఏ సిరాతో రాశారో కూడా చెబుతాడు.

నేను ముప్పై ఒక్క ఏళ్లు పాఠాలు చెప్పాను. అందులో పదకొండేళ్లు క్రమశిక్షణ సంఘంలో కూర్చున్నాను. ఆరేళ్లు అమ్మాయిల హాస్టల్ వార్డెన్‌గా చేశాను. కాబట్టి ఈ రోజు ఎవరినో తప్పుపట్టడానికి రాలేదు. తప్పుపట్టాల్సినవాళ్లలో నేనూ ఉన్నాను. అది ముందే చెప్పేస్తే నాకు కాస్త తేలిక.

ఒక సంగతి చెబుతాను. ఒకరోజు పదకొండు గంటలప్పుడు మా ఆఫీసుకు ఇద్దరు పెద్దమనుషులు వచ్చారు. కనిగిరి వైపు నుంచి వచ్చామన్నారు. చేతిలో మిఠాయి పొట్లం. మా సీనియర్ అసిస్టెంటు కుర్చీలు వేయించి, మంచినీళ్లు తెప్పించాడు. వాళ్లు నెమ్మదిగా విషయంలోకి వచ్చారు. 'మీ దగ్గర చదివిన ఫలానా అమ్మాయిని మా వాడికి అనుకుంటున్నామండీ. పిల్ల ఎలాంటిది?' నవ్వుతున్నారు మీరు. వార్డెన్లు మాత్రం నవ్వడం లేదు, చూడండి. వాళ్లకు తెలుసు, ఇది మన దగ్గర మామూలే. సంబంధం చూసేవాళ్లు ముందు ఊళ్లో విచారిస్తారు, తర్వాత కాలేజీలో విచారిస్తారు.

మా అసిస్టెంటు చెడ్డవాడు కాదు. మర్యాదస్తుడు. మర్యాదకొద్దీ బీరువా తీసి, ఆ అమ్మాయి ఫైలు తెచ్చి వాళ్ల ముందు బల్ల మీద పెట్టాడు. అందులో ఏముంది? రెండు క్షమాపణ పత్రాలు. హాస్టలుకు రెండుసార్లు రాత్రి ఆలస్యంగా వచ్చినందుకు. రెండూ నేను దగ్గరుండి రాయించుకున్నవే. ఒకసారి బస్సు పామూరు దగ్గర చెడిపోయింది. రెండోసారి స్నేహితురాళ్లతో సినిమాకు వెళ్లింది. అంతే. ఆ పెద్దమనుషులు కళ్లద్దాలు పెట్టుకుని రెండు కాగితాలూ చదివారు. రాత్రి అన్న మాట దగ్గర ఆగారు. నమస్కారం పెట్టి లేచారు. మిఠాయి పొట్లం మళ్లీ సంచిలో పెట్టుకున్నారు.

నాకు ఆ రోజు కోపం వచ్చింది. ఎందుకు వచ్చిందో నిజం చెప్పనా? ఫైలు చూపించినందుకు కాదు. నన్ను అడగకుండా చూపించినందుకు. నన్ను అడిగితే చూపించమని ఉండేదాన్నేమో కూడా. ఆ ఫైలు నాది అనుకున్నాను, కాలేజీది అనుకున్నాను. ఆ అమ్మాయిది అన్న ఆలోచనే రాలేదు. ఆ ఆలోచన రావడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది.

అసలు ఆ క్షమాపణ పత్రం అన్నది ఎలా పుడుతుంది? వార్డెన్లకు తెలుసు, పిల్లలకు ఇంకా బాగా తెలుసు. పిల్లవాడు ఏదో చేస్తాడు. లేదా చేశాడని ఎవరో చెబుతారు. పిలుస్తాం. నిలబెడతాం. విచారణా? ఎక్కడి విచారణ! 'చేశానని రాసి సంతకం పెట్టు, వదిలేస్తాం' అంటాం. వాడికి కావలసింది ఆ గదిలోంచి బయటపడటం. రాసేస్తాడు. చేయనివాడూ రాస్తాడు, చేసినవాడూ రాస్తాడు. అందరూ ఒకే మాటలు రాస్తారు, ఎందుకంటే మనమే చెప్పి రాయిస్తాం. 'నేను చేసిన తప్పుకు సిగ్గుపడుతున్నాను. ఇకముందు ఇలా జరిగితే కళాశాల తీసుకునే ఏ చర్యకైనా కట్టుబడి ఉంటాను.' ఔనా కాదా? ఈ రెండు వాక్యాలు నేను కొన్ని వందలసార్లు చెప్పి రాయించి ఉంటాను.

వదిలేస్తాం అన్నాం. వదిలేశామా? వాడిని వదిలేశాం. కాగితాన్ని వదల్లేదు. అది ఫైల్లోకి వెళ్లింది. రేపు ఆ ఫైలు తెరిచినవాడికి ఏమి కనిపిస్తుంది? తప్పు ఒప్పుకున్నట్టు సొంత దస్తూరీలో సాక్ష్యం. దాని వెనక అరగంట నిలబెట్టిన సంగతి కనిపించదు. పామూరు దగ్గర చెడిపోయిన బస్సు కనిపించదు.

మన ఫైళ్లలో ఉన్నవాటిలో సగం ఇలాంటివే. పరీక్షలో చీటీ దొరికింది, మెస్సులో ఉప్మా బాగాలేదని కంచాలు మోగించారు, గోడ దూకారు, లెక్చరర్‌కు ఎదురు చెప్పారు. వీటి పక్కనే, అదే అట్టలో, నిజంగా భయపడాల్సినవి కూడా ఉంటాయి. జూనియర్‌ను కొట్టినవి, అమ్మాయిని వేధించినవి. గోడ దూకినవాడికీ, తల పగలగొట్టినవాడికీ ఒకే రంగు ఫైలు. ఇదీ మన పద్ధతి.

ఈ జిల్లాలో నిలబడి ఈ మాట మాట్లాడుతూ ప్రకాశం పంతులుగారిని తలుచుకోకపోతే ఎలా? ఈ ఒంగోలులోనే వాళ్లమ్మగారు పూటకూళ్ల ఇల్లు నడిపి పిల్లల్ని పెంచారు. ఇమ్మానేని హనుమంతరావు నాయుడుగారనే ఉపాధ్యాయుడు చేరదీసి రాజమండ్రి తీసుకువెళ్లారు. అక్కడ ఈయన నాటకాలు, అల్లరి మూకలతో తిరుగుళ్లు. ఇది నేను కల్పించినది కాదు, ఆయనే దాచుకోకుండా చెప్పుకున్నది. తర్వాత అదే రాజమండ్రికి మున్సిపల్ చైర్మన్ అయ్యారు, 1953లో ఆంధ్ర రాష్ట్రానికి మొదటి ముఖ్యమంత్రి అయ్యారు, 1972లో ఈ జిల్లాకు ఆయన పేరు పెట్టారు. ఇప్పుడు మన ఊళ్లో విశ్వవిద్యాలయానికీ ఆయన బిరుదే. ఆ కుర్రవాడి టీసీ మా సంఘం చేతికి వస్తే ప్రవర్తన గడిలో ఏమి రాసి ఉండేవాళ్లం? నాకు తెలుసు ఏమి రాసి ఉండేవాళ్లమో. అయితే అల్లరి చేసిన ప్రతివాడూ ప్రకాశం అవుతాడని నేను అనడం లేదు. ఎక్కువమంది మామూలు మనుషులే అవుతారు. మామూలు మనిషికి మాత్రం ఉద్యోగం అక్కర్లేదా?

ఇప్పుడు చట్టం సంగతి. భయపడకండి, సెక్షన్లు చదవను. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టులో తొమ్మిది మంది న్యాయమూర్తులు ఏకాభిప్రాయంతో తేల్చారు, గోప్యత ప్రాథమిక హక్కు అని. పుట్టస్వామి కేసు అంటారు. ఆ తర్వాత 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం వచ్చింది. దాని నియమాలు 2025 నవంబరులో వచ్చాయి, ముఖ్యమైన బాధ్యతలు అమల్లోకి రావడానికి 18 నెలల గడువు ఇచ్చారు. కాబట్టి ప్రిన్సిపాల్‌గారూ, ఇంకా టైముంది కదా అని మీరు అనుకుంటున్నారని నాకు తెలుసు.

ఆ చట్టంలో నాకు నచ్చిన మాట ఒకటుంది. ఏ పని కోసం సమాచారం తీసుకున్నామో ఆ పని తీరిపోతే, మరో చట్టం ఉంచమంటే తప్ప, దాన్ని తీసేయాలి. పని తీరాక ఉంచకూడదు. మన ఇళ్లలో పొయ్యి ఆర్పినట్టు. కానీ ఇందులో ఒక మెలిక ఉంది. చట్టం పేరులోనే ఉంది, డిజిటల్. రిజిస్టరులో సిరాతో రాసి ఉన్నంతవరకు ఆ చట్టం దాని జోలికి రాదు. దాన్ని కంప్యూటర్లో ఎక్కించిన మరుక్షణం వస్తుంది.

ఇన్నాళ్లూ మన పిల్లల గోప్యతను కాపాడింది ఎవరనుకుంటున్నారు? చట్టమా? కాదు. చెదలు. నవ్వకండి, నిజం. మా కాలేజీ పాత బీరువాలో పదిహేనేళ్ల ఫైళ్లను చెదలు తినేశాయి. ఎంతమంది పిల్లల తప్పులు ఆ కడుపుల్లో కలిసిపోయాయో! వానకు తడిసినవి కొన్ని, గది మార్చినప్పుడు పోయినవి కొన్ని. అది పద్ధతి కాదు, అదృష్టం. ఇప్పుడు ఆ అదృష్టం పోతోంది. మార్కుల జాబితాలు డిజిలాకర్‌లోకి వచ్చాయి, చదివిన కోర్సుల క్రెడిట్లకు ఆన్‌లైన్ బ్యాంకు వచ్చింది, హాజరు ఫోనులోకి వచ్చింది. మంచిదే, సర్టిఫికెట్ కోసం యూనివర్సిటీ చుట్టూ తిరిగే బాధ తప్పింది. కానీ ఆ క్షమాపణ పత్రాలు, క్రమశిక్షణ మెమోలు కూడా స్కాన్ చేసి పెడదామని ఏదో ఒక రోజు ఎవరో ఒకరు అంటారు. అన్నారు కూడా, ఒకచోట. కంప్యూటర్‌కు చెదలు పట్టవు.

ఇక వాట్సాప్. మనసు కష్టపెట్టుకోవద్దు, కానీ అడుగుతాను. సస్పెన్షన్ ఉత్తర్వు ఫోటో తీసి క్లాసు గ్రూపులో పెట్టినవాళ్లు ఈ హాల్లో లేరా? నోటీసు బోర్డులో ఫోటోతో సహా అంటించినవాళ్లు? మిగతావాళ్లకు బుద్ధి వస్తుందని పెడతాం. బుద్ధి వస్తుందో రాదో గానీ, ఆ ఫోటో పొదిలిలో మేనమామకు, మార్కాపురంలో పక్కింటివాళ్లకు చేరేసరికి గంట పట్టదు. సస్పెన్షన్ పది రోజులు. ఆ ఫోటో ఎన్నాళ్లు? మనం వేసిన శిక్ష ఏది, ఊరు వేసిన శిక్ష ఏది? ఏ నియమావళిలోనూ ఊరంతా చెప్పుకోవాలి అనే శిక్ష నేను చదవలేదు.

అలాగని అన్నీ దాచేయమని అంటున్నానా? ఇక్కడ జాగ్రత్తగా వినండి, బయటికి వెళ్లి మేడమ్ అన్నీ చింపేయమన్నారు అని చెప్పకండి. ర్యాగింగ్ సంగతి వేరు. మన రాష్ట్రంలో ర్యాగింగ్ నిషేధ చట్టం 1997 నుంచి ఉంది. 2009లో హిమాచల్ ప్రదేశ్‌లో ఒక మెడికల్ విద్యార్థిని సీనియర్లు కొట్టి చంపిన తర్వాత యూజీసీ గట్టి నియమాలు తెచ్చింది. ర్యాగింగ్‌కు శిక్ష పడిందా, పదేపదే హింసకు దిగాడా అన్నది టీసీలో, మైగ్రేషన్ సర్టిఫికెట్‌లో నమోదు చేయాలని ఆ నియమాలే చెబుతున్నాయి. అది రాయాల్సిందే. ఎందుకంటే రేపు వాడు చేరబోయే హాస్టల్లో కూడా ఒక జూనియర్ ఉంటాడు.

మరి మనం ఏమి చేస్తాం? సరిగ్గా తలకిందులుగా చేస్తాం. గోడ దూకినవాడి పేరు బోర్డుకెక్కిస్తాం. జూనియర్‌ను కొట్టినవాడిని, వాళ్ల నాన్న పలుకుబడి చూసో, కాలేజీ పేరు పోతుందనో, ప్రవర్తన సంతృప్తికరం అని రాసి చల్లగా వేరే కాలేజీకి సాగనంపుతాం. దీనికి గోప్యత అని పేరు పెడతాం. అది గోప్యత కాదండీ, దుప్పటి కప్పడం. గోప్యత మనిషి కోసం. దుప్పటి కాలేజీ కోసం.

లైంగిక వేధింపుల ఫిర్యాదుల్లో చట్టం ఎంత స్పష్టంగా ఉందో చూడండి. 2013 చట్టం ప్రకారం ఫిర్యాదు చేసిన స్త్రీ పేరు, ఆరోపణ ఎదుర్కొంటున్నవాడి పేరు, సాక్షుల పేర్లు, ఏవీ బయటపెట్టకూడదు. ఇద్దరివీ. అదే సమయంలో విచారణ ఆపకూడదు, 90 రోజుల్లో ముగించాలి. చూశారా, పేరు దాచడం, తప్పు దాచడం ఒకటి కాదు.

పేరు దాచడం ఎంతవరకు న్యాయం అన్నది కూడా కోర్టులు ఎప్పుడో చూశాయి. 1973లో సుప్రీంకోర్టు ముందుకు రాంచీలోని ఒక మెడికల్ కాలేజీ కేసు వచ్చింది. రాత్రిపూట అమ్మాయిల హాస్టల్ ఆవరణలోకి దూరి అసభ్యంగా ప్రవర్తించారని కొందరు అబ్బాయిలను కాలేజీ బహిష్కరించింది. సంఘం అమ్మాయిల వాంగ్మూలాలను అబ్బాయిలు లేనప్పుడు తీసుకుంది. ఆ అమ్మాయిలను మా ఎదుట నిలబెట్టి మమ్మల్ని ప్రశ్నించనివ్వలేదు, ఇది సహజ న్యాయం కాదు అని అబ్బాయిలు వాదించారు. కోర్టు ఒప్పుకోలేదు. ఆ అమ్మాయిలు మళ్లీ అదే రోడ్డు మీద నడవాలి కదా. అబ్బాయిలకు ఆరోపణ ఏమిటో చెప్పారు, జవాబు చెప్పుకోనిచ్చారు, ఆ పరిస్థితిలో అది చాలు అంది. నేను ఈ కేసు మా సంఘంలో కొత్తగా చేరినవాళ్లకు చెప్పేదాన్ని. ఆరోపణ ఏమిటో చెప్పడం, జవాబు వినడం. ఈ రెండూ కూడా చేయకుండానే మెమో ఇచ్చిన రోజులు మా దగ్గర చాలా ఉన్నాయి.

తల్లిదండ్రులు ఇందాకటి నుంచి నావైపు ఒక రకంగా చూస్తున్నారు. తెలుసు, ఆ ప్రశ్న దగ్గరికే వస్తున్నాను. పిల్లవాడికి పద్దెనిమిది దాటాయి. వాడి మీద చర్య తీసుకుంటే మాకు చెబుతారా చెప్పరా? అమెరికాలో 1974 నుంచి దీనికి ఒక చట్టం ఉంది. విద్యార్థి రికార్డు మీద హక్కు మొదట తల్లిదండ్రులది. పద్దెనిమిదేళ్లు నిండినా, కాలేజీలో చేరినా ఆ హక్కు విద్యార్థిది అయిపోతుంది. మీ పిల్లలు అక్కడ ఎంఎస్‌కు వెళ్లాక మీరు యూనివర్సిటీకి ఫోను చేసి మావాడు ఎలా ఉన్నాడండీ అని అడిగితే, చెప్పలేమండీ అనే అంటారు. ప్రాణాపాయం ఉంటే, ఇంకా కొన్ని సందర్భాల్లో మినహాయింపులున్నాయి. మొత్తం మీద అక్కడ పద్ధతి అది.

అది ఉన్నదున్నట్టు ఇక్కడికి తెచ్చి పెట్టగలమా? కొండపి నుంచి ఒక తండ్రి వస్తాడు. పొగాకు వేలం డబ్బులు చేతికి రాగానే మొదట ఫీజు కట్టి, తర్వాత అప్పు కట్టినవాడు. ఆయనతో 'మీవాడు మేజరు, మీకు చెప్పం' అంటే ఆయన ఏమైపోవాలి? నేను ఆ మాట అనలేను. కానీ ఇంకోటి కూడా చూశాను. ఒక అమ్మాయి ఎవరితోనో మాట్లాడుతోందని మేమే ఇంటికి ఫోను చేశాం. మర్నాడు వచ్చి చదువు మాన్పించి తీసుకువెళ్లారు. ఆ అమ్మాయి సామాన్లు సర్దుకుంటూ నావైపు చూసిన చూపు నాకు ఇప్పటికీ ఉంది. అప్పుడు నేను చేసింది క్రమశిక్షణా, చాడీ చెప్పడమా?

నా అభిప్రాయం చెబుతాను, మీరు ఒప్పుకోకపోయినా ఫర్వాలేదు. ప్రాణానికి, ఒంటికి ముప్పు ఉందనుకుంటే ఆ రాత్రే ఇంటికి ఫోను చేయాలి. సస్పెన్షన్, బహిష్కరణ లాంటివైతే పిల్లవాడికి ముందు చెప్పి, వాడి ఎదురుగానే ఇంటికి చెప్పాలి. మిగతావి, ఆలస్యం, గోడ, ఫోను, స్నేహం, ఇవి వాడి నోటితోనే ఇంట్లో చెప్పుకోనివ్వండి. ఫోను అన్నాను కాబట్టి ఒక మాట. 2019లో కేరళలో ఒక హాస్టల్ విద్యార్థిని సాయంత్రం ఫోను అప్పగించనన్నందుకు హాస్టల్ నుంచి తీసేశారు. హైకోర్టు ఆమెను తిరిగి చేర్చుకోమంది, ఇంటర్నెట్ వాడుకోవడం చదువుకునే హక్కులో, గోప్యతలో భాగమేనంది. మనం ఫోను తీసుకోవడమే కాదు, లోపలి మెసేజ్‌లు కూడా చదువుతాం. ఎవరు ఒప్పుకుంటారు చెప్పండి, ఇక్కడ ఎవరైనా నాకు తమ ఫోను ఇచ్చి చదవమంటారా?

ఇక నేను అన్నింటికన్నా ముఖ్యం అనుకునేది. ఎన్నాళ్లు? ఒక తప్పును ఎన్నాళ్లు ఉంచాలి?

పద్దెనిమిది లోపు పిల్లవాడు నేరం చేశాడనుకోండి. మెమో కాదు, నేరం. దొంగతనం చేసి జువెనైల్ బోర్డు ముందుకు వెళ్లాడు. 2015 బాలల న్యాయ చట్టం ఏమంటుంది? ఆ నేరం వల్ల వాడికి తర్వాత ఏ అనర్హతా ఉండకూడదు, అప్పీలు గడువు తీరాక రికార్డును నాశనం చేయాలి అంటుంది. ఘోర నేరాల్లో కొన్ని మినహాయింపులున్నాయి. మిగతావాళ్లకు ఇదే. అంటే దొంగతనం చేసిన పదహారేళ్లవాడి కాగితం కాలిపోతుంది. మన ఇంటర్ కాలేజీలో కంచం మోగించిన పదహారేళ్లవాడి కాగితం మాత్రం ఉంటుంది. ఇందులో న్యాయం ఎక్కడుందో నాకు ఎవరైనా చెప్పండి. నేను చాలామంది ప్రిన్సిపాళ్లను అడిగాను. 'ఫైళ్లు తీసేస్తే ఆడిట్‌లో అడుగుతారు మేడమ్' అన్నారు. ఉప్మా మీద కూడా ఆడిట్ ఉంటుందా?

వయసు చేసిన తప్పును వయసు ఖాతాలో రాయమని సుప్రీంకోర్టు 2011లో చెప్పింది, ఢిల్లీ పోలీసు ఉద్యోగం కేసులో. 2016లో అవతార్ సింగ్ కేసులోనూ, చిన్న వయసులో నినాదాలు చేయడం లాంటి చిల్లర కేసులను దాచినా ఉద్యోగం ఇచ్చేవాళ్లు మన్నించవచ్చు అంది. కానీ అబ్బాయిలూ, ఇది విని రేపు అబద్ధం రాయకండి. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగం వస్తే ఒక ధ్రువీకరణ ఫారం ఇస్తారు. అందులో పోలీసు కేసులతోపాటు ఏదైనా యూనివర్సిటీ మిమ్మల్ని బహిష్కరించిందా, పరీక్ష రాయకుండా నిషేధించిందా అని కూడా అడుగుతారు. ఉన్నది ఉన్నట్టు రాయండి. తప్పు కన్నా దాచడమే ఎక్కువమందిని ముంచింది. మన్నించవచ్చు అంటే మన్నించి తీరాలి అని కాదు.

అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రం తీవ్రమైన హింసకు, లైంగిక దాడికి సస్పెండ్ అయితే మార్కుల పత్రం మీదే ఆ సంగతి రాయాలని 2015లో చట్టం చేసింది. అంత కఠినమైన చట్టమే, సస్పెన్షన్ ముగిసిన ఏడాది తర్వాత ఆ రాత తీసేయమని అడిగే వీలు పెట్టింది. బహిష్కరణ అయితే తీయరు. అక్కడ వందల కాలేజీలకు కలిపి ఒకే దరఖాస్తు ఉంటుంది, కామన్ యాప్ అంటారు. 2021 నుంచి ఆ ఉమ్మడి దరఖాస్తులో బడిలో క్రమశిక్షణ చర్యల ప్రశ్నను తీసేశారు. నల్లజాతి పిల్లల మీదే ఆ చర్యలు ఎక్కువగా పడుతున్నాయని, ఆ ప్రశ్న చూసి కొందరు దరఖాస్తే మానేస్తున్నారని. మన దగ్గర ఎవరి మీద ఎక్కువ పడతాయి? నా పదకొండేళ్ల ఫైళ్లలో ఏ పిల్లల పేర్లు ఎక్కువ ఉన్నాయో నేను ఒకసారి లెక్క చూసుకున్నాను. ఎస్సీ హాస్టల్ నుంచి వచ్చే పిల్లలవి. అడగడానికి తండ్రి రాని పిల్లలవి. ఆ లెక్క చూశాక ఆ సంఘంలో కూర్చోలేకపోయాను. రాజీనామా చేశానని గొప్పగా చెప్పడం లేదు. పదకొండేళ్ల తర్వాత చేశాను.

నన్ను అడిగితే, చిన్నవి ఆ విద్యా సంవత్సరంతోనే పోవాలి. పెద్దవి చదువు ముగిశాక మరికొన్నేళ్లు, ఎన్నేళ్లో ముందే రాసిపెట్టి. ర్యాగింగ్, దాడి, వేధింపు, ఇవి విడిగా తాళం కింద ఉండాలి. ఆ తాళం ఇద్దరి దగ్గర ఉండాలి, ఎవరు ఎప్పుడు తెరిచారో పుస్తకంలో రాయాలి. మిఠాయి పొట్లంతో వచ్చినవాళ్లకు మంచినీళ్లు ఇవ్వండి, ఫైలు ఇవ్వకండి.

ఏమిటమ్మా? గట్టిగా అడుగు, వినిపించడం లేదు. 'నా ఫైలు నేను చూడొచ్చా మేడమ్?' అని అడుగుతోంది. చూశారా, గంట నుంచి నేను మాట్లాడుతున్నాను, అసలు ప్రశ్న ఈ అమ్మాయి అడిగింది. చూడొచ్చు. సొంత జవాబుపత్రాన్ని విద్యార్థి చూడొచ్చని సుప్రీంకోర్టు 2011లోనే చెప్పింది. నీ గురించి రాసిన కాగితమూ అంతే. ముందు ప్రిన్సిపాల్‌గారికి మామూలు దరఖాస్తు పెట్టు. మీది ప్రభుత్వ కాలేజీయేనా? అయితే ఇవ్వకపోతే సమాచార హక్కు చట్టం కింద పెట్టు. పది రూపాయలు. ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. దరఖాస్తు రెండు కాపీలు రాసి, నీ దగ్గర ఉంచుకునే కాపీ మీద ఆఫీసు ముద్ర, తేదీ వేయించుకో. తేదీ వేయించుకోవడం మాత్రం మరిచిపోకు, మా వాళ్లు అక్కడే తప్పించుకుంటారు.